చిల్లికానీ కోసం సింగరాయకొండ దాకా

గుంటూరు వైపు వెళ్తున్నానని చెప్పగానే మావారు మిరపకాయలు తెమ్మన్నారు. షాపులో పనిచేసే అమ్మాయి గోంగూర తెమ్మంది. నేను వెళ్తున్నది ఒక చిల్లికానీ కోసమని చెబితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క కానీకేనా అన్నారు. అవును, ఒక్కదానికే. తిరిగొచ్చి మూడు వారాలైంది. మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు గానీ నా కాలు మాత్రం ఇంకా నేల మీద ఆనలేదు.

ముందు నా సంగతి చెప్పాలి. తణుకులో మాకు మ్యాచింగ్ సెంటరుంది. చీర తెస్తే దానికి తగ్గ జాకెట్టు గుడ్డ చూపించడం ముప్పై ఏళ్ళుగా నా పని. ఒకసారి ఓ ముసలావిడ చిల్లర సంచీ మొత్తం నా బల్ల మీద కుమ్మరించి, నీకు రావాల్సింది నువ్వే ఏరుకో అంది. అందులో ఒక చిల్లికానీ ఉంది. నా పిచ్చి ఆ రోజు మొదలైంది.

చిల్లికానీ చూడనివాళ్ళ కోసం ఒక ముక్క. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహానికి కరువొచ్చి, నడిమధ్యన గుండ్రంగా చిల్లు పెట్టి కానీలు ముద్రించారు. సంవత్సరాలూ టంకశాలలూ కలిపి నేను వేసుకున్న లెక్కకి అవి పదకొండు రకాలు. నా దగ్గర పది ఉన్నాయి. పదకొండోది లాహోరులో కొట్టింది. సంవత్సరం అంకెల కింద ఆవగింజంత ఇంగ్లీషు ‘ఎల్’ ఉంటుంది. అది లేక నా చెక్కపెట్టెలో పదకొండో గడి ఆరేళ్ళుగా ఖాళీ.

మా ఊళ్ళో నాణేల మిత్రులం ఏటా ఉగాదికి ప్రదర్శన పెడతాం. మా పెద్ద ప్రసాదరావు గారు. ఆయనకి పదకొండూ ఉన్నాయి, అన్నీ దుకాణంలో కొన్నవే. నేను కొనను. దుకాణం మెట్లెక్కకుండా, నాణెం ఎక్కడ కాపురముంటే అక్కడికే వెళ్ళి తెచ్చుకోవాలన్నది నా పట్టు. అందుకని నా పెట్టెని ప్రతి ఏడూ చివరి బల్ల మీద, టిఫిన్ల పక్కన పెట్టిస్తారు. కిందటేడు నా పెట్టె మీద చట్నీ పడింది. ఈసారి అడిగేశాను. ఉగాది లోపల పదకొండోది నా చేత్తో వెతికి తెస్తే మొదటి బల్ల ఇస్తారా అని. ఇస్తానన్నారు. అయితే సంవత్సరం చదవడానికి వీలుండాలి, తోమిన నాణెం కాకూడదు అన్నారు. “ఎండలో తిరక్కండి సత్యవతి గారూ, వడదెబ్బ తప్ప ఏమీ దొరకదు” అని కూడా అన్నారు. ఆ మాటకి నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

ప్రత్తిపాడు

మావారి అక్కగారు, మా రమావదిన, ప్రత్తిపాడు దగ్గర పల్లెలో ఉంటుంది. పెళ్ళికెళ్ళినప్పుడు వాళ్ళ ఎడ్లబండి ఇరుసు మేకుకి వాషరు బదులు చిల్లికానీ ఉండటం చూశాను. పత్తీ మిరపా పండే ఈ ఊళ్ళలో వెతకాలని నాకు అప్పుడే తట్టింది. మిగతా పాత నాణేలు కరిగి బిందెలైపోయాయి. దీనికి చిల్లుంది కనుక బుడ్డి దీపంలో ఒత్తి దూర్చడానికీ, దూడ మెడలో కట్టడానికీ, బండి మేకుకీ పనికొచ్చింది. పనికొచ్చిన దాన్ని ఇక్కడి వాళ్ళు పారెయ్యరు.

దిగేసరికి వదిన కల్లం దగ్గరుంది. ఎకరం మేర మిరపకాయలు ఆరబోశారు. నా షాపులో ఎరుపు ముప్పై రెండు రకాలు. అక్కడ నిలబడి ఇంకో నాలుగు కొత్తవి కనిపెట్టాను. అయిదోది కనిపెట్టేలోపల తుమ్ములు మొదలయ్యాయి. లెక్కపెట్టిన ఆడకూలీలు ఇరవై రెండన్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా కల్లంలోకి వచ్చేవాళ్ళు కూడా ఉంటారా అని ఒకావిడ తన తలపాగా విప్పి నాకిచ్చింది.

అన్నంలోకి గోంగూర, పండుమిరప పచ్చడి, పప్పుచారు. మా గోదావరి వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తామంటే, అది పులుసా పాయసమా అని వదిన తోడికోడలు అడిగింది. పండుమిరప పచ్చడి రెండో ముద్దకి నా చెవుల్లోంచి ఆవిరొచ్చింది. అయినా మూడోసారి వేసుకున్నాను. పంతం నాకు కొత్త కాదు.

భోజనం అయ్యాక వదిన ఇత్తడి పళ్ళెం తెచ్చింది. అందులో ఏడు చిల్లికానీలు. ఒక్కోదానికి ఒక్కో కుంకుమ బొట్టు. ఏడూ కళ్ళు చెదిరేలా మెరిసిపోతున్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

“పొద్దున్నించీ తోమానే. చింతపండు, ఉప్పు, ముగ్గు. చూడు, బంగారంలా లేవూ?” అంది.

రాగి మీద ఎనభై ఏళ్ళు పడితే గానీ ఆ చామనఛాయ రాదు, అది చింతపండుకి అర నిమిషంలో పోతుంది, పోయాక ఆ నాణేన్ని మా వాళ్ళు ముట్టుకోరు అని మెల్లగా చెప్పాను. వదిన మొహం చిన్నబోయింది. మాసిన గిన్నెలో నీకు అన్నం పెట్టమంటావా, ఇంటికొచ్చిన మనిషి చేతిలో మురికి సామాను పెడతామా అంది. ఆవిడ మాటా నిజమే. నేను తప్పు పట్టలేకపోయాను. ఏడింటిలో లాహోరుది లేదు కూడా.

అసలు పిడుగు తర్వాత పడింది. నేను వస్తున్నానని తెలిసిన రోజే వదిన దర్శి దాకా ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసేసిందట. తణుకు నుంచి మా మరదలు వస్తోంది, పాత కానీలుంటే తీసి, శుభ్రంగా తోమి ఉంచండి అని. అంటే నేను వెళ్ళే దారంతా చింతపండు నాకంటే ముందు వెళ్ళిపోయింది. వదిన అప్పటికప్పుడు మళ్ళీ అందరికీ ఫోన్లు చేసింది, తోమకండని. సగం మంది అప్పటికే తోమేశామన్నారు. మిగతా సగం ఫోనెత్తలేదు.

అద్దంకి

అందుకని అద్దంకిలో చుట్టాలింటికి వెళ్ళలేదు. బస్టాండు దగ్గర నలభై రూపాయల పెసరట్టు తిని, పాత ఇనప సామాన్ల కొట్టు ఎక్కడుందని అడిగాను. కొట్టతని పేరు కోటేశ్వరరావు. చీర కట్టుకున్న మనిషి పాత ఇత్తడి డబ్బాలో చెయ్యి పెడతానంటే మొదట నమ్మలేదు. ఏదో పోయిందనుకున్నాడు, దిద్దు పోయిందా అని అడిగాడు. నాణేలు వెతుక్కుంటానంటే, మీ ఇష్టం అని పీట వేశాడు.

మూడు గంటలు కూర్చున్నాను. ఈ మూడు గంటల సంగతి ప్రసాదరావు గారికి ఎప్పటికీ అర్థం కాదు. తాళం కప్పలు, ట్యాపు ముక్కలు, దేవుడి గంట నాలుక, పంపు వాల్వులు, వాటి అడుగున వేళ్ళకి చల్లగా, పల్చగా, గుండ్రంగా ఏదో తగులుతుంది. గుండె ఒక్కసారి ఆగుతుంది. పైకి తీస్తే అది చొక్కా గుండీ. మళ్ళీ చెయ్యి పెడతాను. మళ్ళీ తగులుతుంది. ఈసారి మేకు తల. దొరకని ప్రతిసారీ తర్వాతది అదేనేమో అనిపిస్తుంది. ఆ అనిపించడం కోసమే నేను బస్సులెక్కుతాను. దుకాణంలో అద్దం వెనకాల పెట్టి ధర అంటించిన దాంట్లో ఆ సుఖం లేదు.

మూడు చిల్లికానీలు దొరికాయి. పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. అయినా అంకెలు తెలుస్తున్నాయి. లాహోరుది లేదు. ఎంతివ్వమంటారంటే కోటేశ్వరరావు నవ్వేశాడు. నేను కిలోల లెక్కన అమ్మేవాణ్ణి, మూడు కానీలకి ఏ రాయి వెయ్యమంటారు, తీసుకుపొండి అన్నాడు. ఊరికే తీసుకోవడం బాగోదని ఒక ఇత్తడి గరిటె కొన్నాను. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉంటే కొట్టు వెనక పంపు కొట్టి కడిగించాడు.

దర్శి

దర్శిలో ఉండేది వెంకాయమ్మ గారు. మా వదిన వియ్యపురాలి తల్లి. ఎనభై దాటాయి. గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. గడపలో అడుగు పెట్టానో లేదో కాళ్ళకి నీళ్ళిచ్చి, రాగిసంగటి, చింతచిగురు పప్పు పెట్టింది. మా వైపు సంగటి తినే అలవాటు లేదు. ముద్ద ఎలా విరవాలో తెలియక తడుముకుంటుంటే, నా చెయ్యి పట్టుకుని గుంట చేయించి, అందులో పప్పు పోసింది. రుచి అమోఘం.

ఆవిడ దగ్గర నాలుగు చిల్లికానీలున్నాయి. నాలుగూ తోమేసింది. చింతపండు ఒక్కటే కాదు, ఇటుకపొడి కూడా. పైగా వాటి బతుకంతా బుడ్డి దీపాల్లో ఒత్తులు మోస్తూ గడిచింది. అంకెలు అరిగి నున్నగా అయిపోయాయి. మర్యాదకి భూతద్దం తీసి ఒక్కోటీ చూస్తున్నాను. మూడోదాన్ని వెలుతురుకి తిప్పాను. సంవత్సరం లేదు. అంకెలుండాల్సిన చోటికి కింద, గోటితో గీసినట్టు, ఒక చిన్న ‘ఎల్’.

లాహోరుదే. మొహం లేని లాహోరుది. సంవత్సరం లేకపోతే మా వాళ్ళు ఒప్పుకోరు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇవి మీకు ఎక్కడివని అడిగాను.

“మా పుట్టింట్లో ఎద్దు మెడపట్టెడకి కుట్టినయ్యమ్మా. పెళ్ళయి వచ్చేటప్పుడు నాలుగు ఊడబీక్కొచ్చా. మా తమ్ముడు ఇప్పటికీ తిడతానే ఉంటాడు.”

ఆ పట్టెడ ఇంకా ఉందా అన్నాను. ఉందట. సింగరాయకొండ దగ్గర ఊళ్ళో, తమ్ముడు బ్రహ్మయ్య గారి దగ్గర. ఇంకా ఎనిమిది కానీలున్నాయట. ఆ పన్నెండూ వాళ్ళ నాన్న ఒకే సంతలో ఒకేసారి మార్చి తెచ్చినవట. ఒకే గుంపులో వచ్చినప్పుడు ఒక లాహోరుది ఉంటే ఇంకోటి ఉండటానికి ఎంతైనా ఆస్కారముంది. నేను లేచి నిలబడ్డాను. మీ తమ్ముడు గారికి దయచేసి ఫోను చెయ్యకండి, చేసినా తోమమని చెప్పకండి అని రెండు చేతులూ పట్టుకున్నాను.

“నువ్వు సంగటి తింటన్నప్పుడే చేశా. పట్టెడ తీసి నానబెట్టమని మా మరదలికి చెప్పా” అంది వెంకాయమ్మ గారు, ఎంతో సంతోషంగా.

చీమకుర్తి

చింతపండు కంటే ముందు చేరాలి. అదొక్కటే నా తలలో ఉంది. చీమకుర్తి దగ్గర బస్సు ఆగిపోయింది. ఇంటి గదంత నల్లరాతి దిమ్మెని మోస్తున్న లారీ టైరు పేలి రోడ్డుకి అడ్డం నిలబడింది. వెనకాల ఇంకో ముప్పై లారీలు. రెండు గంటలన్నారు. బ్రహ్మయ్య గారి నంబరు నా దగ్గర లేదు. వెంకాయమ్మ గారికి చేస్తే ఎత్తలేదు.

రోడ్డు పక్కన టీ బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. పక్కన రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, పాలిషింగ్ యూనిట్లో మేస్త్రీ, ఒళ్ళంతా రాతిపొడి. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉన్నాడట, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఏమైందమ్మా అంటే నా కష్టం చెప్పుకున్నాను. అద్దంకి కానీ ఒకటి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, బాధపడకండి, మా మెషీన్లో పెడితే అయిదు నిమిషాల్లో అద్దంలా చేసిస్తా, మీ మొహం అందులో చూసుకోవచ్చు అన్నాడు. నేను కానీ లాగేసుకుని బ్యాగులో వేసుకున్నాను. మళ్ళీ నాకే నవ్వొచ్చింది. ఈ జిల్లాల్లో ఎవరికి ఏది ఇచ్చినా మెరిపించకుండా వదలరు. ఆయన నా టీ డబ్బులు కూడా ఇచ్చేశాడు.

సింగరాయకొండ

ఆటో దిగి ఇంటి ముందుకొచ్చేసరికి అరుగు పక్కన బకెట్టు కనిపించింది. నిండా చింతపండు నీళ్ళు. చెయ్యి పెట్టి చూశాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు.

“ఆయన పడనియ్యలా” అంది లోపల్నించి వచ్చిన బ్రహ్మయ్య గారి భార్య, కొంచెం నిష్ఠూరంగా. తోలు తడిస్తే కుళ్ళిపోతుందని పట్టెడ లాక్కుపోయారట.

ఆ మాట వినగానే ఆ పెద్దాయన మొహం చూడకముందే దణ్ణం పెట్టాలనిపించింది. ఆయన పశువుల కొట్టంలో ఉన్నారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఎదురుగా తెల్లటి ఒంగోలు ఎద్దు, మూపురం నా తలకంటే ఎత్తు. దాని పేరు రాముడు. వచ్చే వారం తిరనాళ్ళలో బండలాగుడు పందేనికి తయారవుతోంది. పట్టెడ దాని మెడలోనే ఉంది. ఈ ఇంట్లో పందేనికి వెళ్ళే ప్రతి ఎద్దూ ఆ పట్టెడే కట్టుకుని వెళ్తుందట. ఏడాదికోసారి ఆముదం రాస్తారు. అరవై ఏళ్ళుగా ఒక్క నీటిచుక్క తగలనివ్వలేదు.

ఎద్దు దగ్గరికి వెళ్ళాలంటే భయం. ఆయన ముకుతాడు పట్టుకుంటే, భూతద్దం పుచ్చుకుని మెడ కిందికి దూరాను. ఎనిమిది కానీలు, మధ్యలో మువ్వలు. ఆముదం తాగి తాగి ఒక్కోటీ బెల్లప్పాకం రంగులో ఉంది. ఒకటి, రెండు, మూడు చూశాను. రాముడి ఊపిరి నా మెడ మీద వేడిగా తగులుతోంది. అయిదోది సరిగ్గా గొంతు కింద, నడిమధ్యన ఉంది. కిరీటం స్పష్టంగా ఉంది. నాలుగంకెలూ ఉన్నాయి. వాటి కింద, నిన్న చెక్కినట్టు, ‘ఎల్’.

నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. రాముడు మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది.

అమ్మరని నాకు తెలుసు. అయినా అడిగాను. వెయ్యి అన్నాను, అయిదు వేలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “మా అక్క నాలుగు ఊడబీకితే ఆ బోసి కనపడకుండా మువ్వలు కుట్టించా. ఇప్పుడు గొంతు కింద బోసి పెట్టుకుని రాముడు పందేనికి పోవాలా అమ్మా?” అన్నారు.

బోసి పెట్టనండి, దాని చోట ఇంకోటి కుడతాను అన్నాను. ఆయన చూపించమన్నారు. వదిన ఇచ్చిన ఏడూ తీశాను. చూస్తూనే పక్కకి తోసేశారు. తోమినయ్యి, మా రాముడికి పనికిరావు అన్నారు. ప్రసాదరావు గారి మాటే మళ్ళీ విన్నట్టయింది. అద్దంకివి తీశాను. పచ్చగా ఉన్నాయి, పక్కవాటితో కలవవు, వారంలో రంగు మారదు అన్నారు. నిజమే. జాకెట్టు గుడ్డ ఒక్క ఛాయ తేడా వస్తే నేను కూడా అమ్మను. ఆయన్ని ఏమనను?

అప్పుడు నేనే నా చెక్కపెట్టె తీశాను. ఎక్కడికెళ్ళినా అది నా బ్యాగులో ఉంటుంది. పది కానీలూ రాముడి మెడ దగ్గర పెట్టి ఒక్కోటీ రంగు కలిపి చూశాను. తొమ్మిది కలవలేదు. కలిసింది ఒకటే, ముసలావిడ చిల్లరలో నాకు దొరికిన మొట్టమొదటిది. బొంబాయిది. ఏమంత అరుదు కాదు, అద్దంకివాటిలో ఒకటి అదే సంవత్సరం, అదే టంకశాలది. అయితే నా పెట్టెలో అంత అందమైనది ఇంకోటి లేదు. షాపులో బేరం లేని మధ్యాహ్నాలు దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇవ్వాలంటే మనసొప్పలేదు. ఉగాది గుర్తొచ్చింది, చివరి బల్ల గుర్తొచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఆ ‘ఎల్’ ఎదురుగా ఉంది.

“ఇది తీసుకోండి” అన్నాను.

బ్రహ్మయ్య గారు దాన్ని పట్టెడ పక్కన పెట్టి, కళ్ళు చిట్లించి, వెనక్కి జరిగి చూశారు. సరిపోయింది అన్నారు. పట్టెడ విప్పి, దబ్బనం, తోలుదారం తెచ్చి నా ముందు పెట్టారు. తీసేదీ కుట్టేదీ మీరే అన్నారు. నా చేతికి కుట్టు పని కొత్త కాదు. లాహోరుది తీశాను, దాని చోట నాది పెట్టి మూడు కుట్లు వేశాను. ఆయన భార్య ఎంత వద్దన్నా వినకుండా చేపల పులుసుతో అన్నం పెట్టింది. బెల్లం లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

మళ్ళీ తణుకు

ఉగాది పొద్దున మొదటి బల్ల మీద నా పెట్టె పెట్టాను. పదకొండు గడులు, పదకొండు కానీలు. ప్రసాదరావు గారు భూతద్దం పెట్టి లాహోరుదాన్ని అయిదు నిమిషాలు చూశారు. అంకెలు చదివారు. అంచు చూశారు. రంగు చూశారు. ఆఖరికి నిటారుగా నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, నా దగ్గరున్న దానికంటే ఇదే బాగుందన్నారు. ఆయన నోటి వెంట ఆ మాట వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు కూడా.

ఆయన ఆయనే కదా. వెంటనే ఒక వంక దొరకబుచ్చుకున్నారు. మొదటి గడిలో చిలుము పట్టిన అద్దంకి కానీ మీద వేలు పెట్టి, “ఇక్కడ మంచిది ఉండాలే సత్యవతి గారూ, అదేమైంది?” అన్నారు.

ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను. బ్రహ్మయ్య గారు పంపిన ఫొటో. తిరనాళ్ళలో రెండో బహుమతి కొట్టిన రాముడు, మెడలో పట్టెడ, గొంతు కింద నా మూడు కుట్లు.

“అది పందేలకి వెళ్తోందండీ” అన్నాను.